కింది వాటాలో వినబడేది

మొన్న ఆదివారం పొద్దున బ్రాడీపేటలో ఆటో కోసం నిలబడ్డాను. వెనక మాంసం కొట్టులో ఎవరో కైమా కొడుతున్నారు. మొద్దు మీద రెండు కత్తులు టకటకా, టకటకా, మధ్యలో ఒక్క క్షణం ఆగి మళ్లీ టకటకా. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ మాంసం వాసన ఎరగని మనిషిని. అయినా ఆ చప్పుడు వినగానే కాళ్లు అక్కడే పాతేసినట్టు ఆగిపోయాయి. ఆటో వచ్చింది, డ్రైవరు "ఎక్కండమ్మా" అన్నాడు, నేను ఎక్కలేదు. కొట్టతను నన్ను చూసి "ఎంత కావాలమ్మా?" అని అడిగాడు. "ఏమీ వద్దు బాబూ, ఊరికే వింటున్నాను" అన్నాను. అతను నన్నెలా చూశాడో వేరే చెప్పక్కర్లేదు. నిజానికి నేను వింటున్నది అతని కుడి చేతి దెబ్బకీ ఎడమ చేతి దెబ్బకీ మధ్య ఉన్న ఎడాన్ని. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఎడం వినడం నాకు నేర్పిన మనిషి పేరు మస్తాన్‌వలి గారు. మా పరిచయం కూడా కైమా పుణ్యమా అనే జరిగింది.

నేను బ్రాడీపేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. ప్రతిధ్వని విడిగా వినబడాలంటే గోడ కనీసం పదిహేడు మీటర్ల దూరంలో ఉండాలని ఏటా బల్ల గుద్ది మరీ చెబుతాను. బల్ల గుద్దడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. బడిలో బెంచీ, ఇంట్లో బిందె, బస్సులో కిటికీ రేకు, ఏది దొరికితే అది వాయించేదాన్ని. ముప్పై రెండేళ్లొచ్చాక, మా సెంటర్లో కెమిస్ట్రీ చెప్పే ఆయన ఊరు మారిపోతూ తన ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ వదిలించుకుంటానంటే, నేను వెనకా ముందూ చూడకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను. గొట్టాల చట్రం, దానికి పళ్లేల్లాంటి రబ్బరు ప్యాడ్లు, కింద కాలితో తొక్కే పెడల్, పక్కన ఒక చిన్న పెట్టె. కొట్టేది రబ్బరు మీద, మోగేది హెడ్‌ఫోన్‌లో. "ఇరుగుపొరుగుకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా తెలియదు మేడమ్" అని కెమిస్ట్రీ ఆయన హామీ ఇచ్చాడు. కెమిస్ట్రీ వాళ్ల మాట ఫిజిక్స్ విషయంలో నమ్మకూడదని నాకు అప్పుడు తోచలేదు.

మా ఆయనది ఒంగోల్లో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం వెళతారు. ఇంట్లో నేనూ మా అత్తయ్యా. అత్తయ్య ఆ చట్రాన్ని చూసి ఎంతో ముచ్చటపడింది. మర్నాడు నేను క్లాసు నుంచి వచ్చేసరికి దాని మీద నాలుగు తువ్వాళ్లూ రెండు జాకెట్లూ ఆరేసి ఉన్నాయి. "మంచి వస్తువు తెచ్చావే, వానాకాలానికి పనికొస్తుంది" అంది.

ఆ చిన్న పెట్టెలోనే ఉంది నా కొంప ముంచిన మీట. దాని పేరు రివర్బ్. అది ఎటు తిప్పితే మన డ్రమ్స్ అలాంటి చోట మోగుతున్నట్టు వినబడతాయి. రూమ్ అని పెడితే చిన్న గది, హాల్ అంటే కల్యాణ మండపం, చర్చి అంటే చర్చి, చిట్టచివర స్టేడియం. ఏదీ పెట్టకుండా కొడితే పెసరట్టు పెనం మీద గరిటె తగిలినట్టు కటిక చప్పుడు. స్టేడియంలో పెడితే మాత్రం ఒక్క దెబ్బ కొట్టి ఊరుకున్నా వేలమంది మధ్య కూర్చున్నట్టుండేది. చప్పుడు దూరం నుంచి తిరిగొచ్చి, తర్వాతి దెబ్బను వాటేసుకుని, మధ్యలో నేనెక్కడైనా తడబడితే ఆ తడబాటును కూడా కప్పేసేది. మొదటి వారం చివరికల్లా నేను మహా విద్వాంసురాలినన్న నిర్ణయానికి వచ్చేశాను. అత్తయ్యకు హెడ్‌ఫోన్ పెడితే ఆవిడ చేతులు జోడించి, "అబ్బ, ఎంత పెద్ద గుళ్లో కూర్చున్నావే!" అంది. ఇంక నన్ను పట్టేవాళ్లెవరు?

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం తలుపు తీస్తే ఎదురుగా కింది వాటా పెద్దాయన. గళ్ల లుంగీ, తెల్ల లాల్చీ, బక్కపలచటి మనిషి. చెవులు మాత్రం మనిషికి రెండు సైజులు పెద్దవి. పేరు మస్తాన్‌వలి అని బోర్డు మీద చదవడమే తప్ప అంతకుముందు మాటల్లేవు. చాలా మొహమాటంగా నిలబడి, "ఏమనుకోమాకండమ్మా. మీ ఇంట్లో రోజూ అయిదింటికి కైమా కొడతన్నారా?" అన్నారు.

లోపల్నుంచి అత్తయ్య "శివశివా" అనడం వినబడింది.

"మేం మాంసం ముట్టమండీ" అన్నాను.

"నాకూ అదే అనుమానం. మా ఆవిడేమో కైమానే అంటది. రోజూ గంటసేపు కైమా కొట్టేంత మంది ఇంట్లో లేరు గదా, అట్టా అడగటం తప్పు అని నేను చెబుతానే ఉన్నా. ఇయ్యాళ పైకి తోలింది" అన్నారు.

ఆయన్ని లోపలికి పిలిచి కిట్ చూపించాను. అవమానంగా ఉన్నా, నా విద్య ప్రదర్శించే అవకాశం దొరికిందన్న సంతోషం అంతకన్నా ఎక్కువగా ఉంది. హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టి, మీట స్టేడియంలో ఉందని చూసుకుని, నాకు వచ్చినదంతా అయిదు నిమిషాలు దంచాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా నా చేతిలో పెట్టారు.

"శానా బాగుందమ్మా. ఎవరు వాయించేది?"

"నేనేనండీ. ఇప్పుడు మీ ఎదురుగానే కదా వాయించాను."

"మరి కింద మాకు వినబడేది ఎవరు?"

నేను బిత్తరపోయాను. ఆయన ఎగతాళి చెయ్యడం లేదు, నిజంగానే అడుగుతున్నారు. "కింద వినబడే మనిషి వేరేనమ్మా. ఆ మనిషికి ఎడం చెయ్యి ఆలస్యం. నాలుగు దెబ్బలకో దెబ్బ ఎనకబడతది. పాట సగానికొచ్చేతలికి కంగారుపడి ఉరుకుతది. రెండు నెల్ల నుంచీ వింటన్నా గదా, ఆ మనిషి నాకు బాగా తెలుసు" అని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మర్నాడు సాయంత్రం నేనే కిందికి వెళ్లాను. ఆయన భార్య ఖాసింబీ గారు టీ ఇచ్చారు. నేను టీ పక్కన పెట్టి, ధ్వని తరంగాలు గోడలకు తగిలి ఎలా తిరిగొస్తాయో, వేల ప్రతిధ్వనులు కలిసి ఒక అనుభూతిని ఎలా ఇస్తాయో, మా పిల్లలకు చెప్పినట్టే చేతులు ఊపుతూ పావుగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "శాస్త్రం బాగుందమ్మా. చెయ్యే ఆలస్యం" అన్నారు. ఖాసింబీ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడే తెలిసింది ఆయన ఎవరో. కుర్రతనంలో పెళ్లిళ్ల బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ వాయించారట. పెళ్లయ్యాక అది మానేసి, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో సరుకు చూసే పనిలో చేరి అక్కడే ముసలివారయ్యారు. రైతు తెచ్చిన టిక్కీలోంచి, అంటే కాయలు కుక్కిన గోతంలోంచి, గుప్పెడు తీసి రంగు చూడటం అందరూ చేస్తారు. ఈయన ఒక్కో కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారట. లోపల గింజ ఎలా కదులుతుందో వింటే కాయ ఎంత ఎండిందో చెప్పేసేవారట. పని మానేశాక కూడా ఏ టిక్కీ మీదైనా తగువు వస్తే ఆయన చెవికి కబురు వచ్చేది. అలాంటి చెవి మీద రెండు నెలలు నేను రబ్బరు దంచాను.

ఇక మా చదువు ఎలా మొదలైందంటే, బూజుకర్రతో. నాకు ఎదురుగా కూర్చుని చెప్పడం ఆయనకు కుదరదన్నారు. "ఎదురుగా ఉంటే నీ మొకం చూస్తా. మొకం చూస్తే మొగమాటం వస్తది. కిందుంటే దెబ్బే వినబడతది" అన్నది ఆయన వాదన. సాయంత్రం అయిదింటికి నేను పైన వాయించడం మొదలుపెడితే, కింద ఆయన పడక్కుర్చీలో వాలి, బూజులు దులిపే పొడుగాటి కర్ర పక్కన పెట్టుకునేవారు. ఒక్కసారి పొడిస్తే ఎడమ చెయ్యి ఆలస్యం. రెండుసార్లు పొడిస్తే ఉరుకుతున్నాను. మూడుసార్లు పొడిస్తే ఖాసింబీ గారు టీ పెట్టారు, రమ్మని. మొదటి వారం ఆ ఇంటి సీలింగు తిన్న పోట్లు ఇన్నీ అన్నీ కావు. సున్నం రాలి టీలో పడుతోందని ఖాసింబీ గారు గొడవ పెడితే, ఆయన కర్ర చివర పాత బనీను చుట్టారు. దాంతో పోటు మెత్తబడింది, తిట్టు మాత్రం అలాగే తగిలేది.

నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని స్టేడియంలో కూర్చుంటే ఆ పోట్లు వినబడవు కదా, అరికాళ్లకు తగిలేవి. చెవిలో వేలమంది ఈలలు వేస్తున్నట్టు మహా సంబరంగా ఉంటే, పాదాల కింద నేల "ఆలస్యం, ఆలస్యం" అనేది. ఈ రెండింటిలో దేన్ని నమ్మాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పైగా నేను లెక్చరర్ని. తప్పు ఒప్పుకోవడం మా ఉద్యోగంలో లేదు.

ఒక రోజు పొద్దున్నే నన్ను మిర్చి యార్డుకు తీసుకెళ్లారు. లోపల అడుగు పెట్టగానే నేను తుమ్మడం మొదలుపెట్టాను. ఆ ఘాటుకు అలవాటైన జనం నా తుమ్ములకు నవ్వుకుంటూ పోతున్నారు. మస్తాన్ గారు మాత్రం రేకుల కప్పు వైపు చెవి పెట్టి, "విన్నావా టీచరమ్మా? నువ్వు తుమ్మింది ఒక్కటి, షెడ్డు తుమ్మింది మూడు. ఎక్కడికెళ్లినా ముందు ఇట్టా తుమ్మి చూసుకోవాల. ఆ చోటు తన వంతు ఎంత కలుపుతదో తెలుస్తది" అన్నారు. తర్వాత జేబులోంచి రెండు కాయలు తీశారు. ఒకటి నా చెవి దగ్గర ఊపారు. గలగలమంది, చిన్న గజ్జె మోగినట్టు. రెండోది ఊపారు. ఏమీ లేదు. అది చూడ్డానికి మొదటిదానికన్నా నిగనిగలాడుతోంది, నున్నగా, ఎర్రగా, పటంలో కాయలా ఉంది. "దీన్ని రాత్రంతా తడిగుడ్డలో చుట్టి పెట్టా. మెరుస్తంది, బరువు తూగుద్ది. లోపల గింజ మాత్రం మాట్టాడదు. నీ పెట్టెలో ఆ మీట చేసేది కూడా ఇదేనమ్మా" అన్నారు. నాకు కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఘాటు వల్లేనని ఆయనతో చెప్పాను.

అయితే తడి అంటే ఆయనకు శత్రుత్వమేమీ లేదు. "పచ్చడి నూరేటప్పుడు తడి వద్దంటామా? ముందు ఎండాల. ఎండినాక ఎంత తడపాల్నో నీ ఇష్టం" అనేవారు. నేను ఎండడానికి ఒప్పుకోకుండానే తడి మీద బతుకుతున్నానన్నదే ఆయన బాధ.

ఇంతలో నేనొక వెధవ పని చేశాను. మా ఊళ్లో ఒక ఆర్కెస్ట్రా నడిపే ప్రసాద్ గారికి ప్యాడ్లు వాయించే మనిషి కావాలని తెలిసింది. ఉన్నతను హైదరాబాదు వెళ్లిపోయాడట. నేను మస్తాన్ గారికి చెప్పకుండా, మీట స్టేడియంలో పెట్టి, మూడు నిమిషాలు రికార్డు చేసి ఫోన్లో పంపించాను. అరగంటలో జవాబు. "మేడమ్, అదిరిపోయింది. ఇంతకాలం ఎక్కడున్నారు?" మూడు వారాల్లో సింగరాయకొండలో ఒక ఓణీల ఫంక్షన్, ఆదివారం పగటిపూట. ఒప్పేసుకున్నాను. తర్వాత గానీ తట్టలేదు, ఆయన పిలిచింది ఆ రికార్డులో మనిషిని. వెళ్లాల్సింది కింది వాటాకు వినబడే మనిషి.

మస్తాన్ గారి దగ్గరకు వెళ్లి ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. "మూడు వారాలా? అయితే కరెంటు తీసెయ్యి" అన్నారు. అంటే పెట్టె మొత్తానికే ఆపేసి, ఉత్త రబ్బరు మీద వాయించమని. మూడు వారాలు అలాగే వాయించాను. టకటకా, టకటకా. ఖాసింబీ గారు అన్నది నిజమే, అచ్చంగా కైమాయే. మొదటి రెండు రోజులు నా చప్పుడు నేను వినలేక ఏడుపొచ్చింది. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి జాలిగా, "పాడైపోయిందా అమ్మా? పోనీలే, బట్టలు ఆరేసుకోవచ్చు" అంది. మూడో వారానికి బూజుకర్ర పోట్లు గంటకు పదికి దిగాయి. ఎడమ చెయ్యి పూర్తిగా దారికి రాలేదు గానీ, అది వెనకబడిన సంగతి పోటు పడకముందే నాకు తెలియడం మొదలైంది.

సింగరాయకొండకు తెల్లారేసరికే ఆర్కెస్ట్రా వ్యానులో బయల్దేరాం. "మా ఆవిడ చెల్లెలు అక్కడే ఉంటది, చూసి రావాల" అంటూ మస్తాన్ గారు కూడా ఎక్కి రెండు స్పీకర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. ఆ చెల్లెలి ఇంటికి ఆయన ఆ రోజు వెళ్లనే లేదు. మండపం హైవే పక్కనే, కొత్తగా కట్టింది, విమానాలు పెట్టుకునేంత పెద్దది. పైన రేకుల కప్పు, కింద పాలరాయి. స్టేజీ మీద కిట్ బిగిస్తుంటే, ఓణీల ఫంక్షన్ ఎవరికో ఆ పిల్ల వచ్చింది. పదమూడేళ్లు, చేతుల నిండా గోరింటాకు. వాళ్ల నాయనమ్మకు ఇష్టమైన పాటకు, రికార్డు పెట్టకుండా, మా వాయింపుకే డాన్సు చెయ్యాలని రెండు నెలలు నేర్చుకుందట. "ఆంటీ, నాకు దెబ్బ వినబడితే చాలు. స్టెప్పు అదే వచ్చేస్తది" అంది. నాతో అంత నమ్మకంగా మా విద్యార్థులెవరూ మాట్లాడలేదు.

జనం నిండారు. ముందు వరసలో చుట్టాలందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మూడు వారాల ఎండబెట్టడం ఒక్క నిమిషంలో ఎటో పోయింది. వేలు దానంతటదే మీట మీదికి వెళ్లి స్టేడియం పెట్టేసింది. పాట మొదలైంది. నా మొదటి దెబ్బ స్పీకర్లోంచి బయటికి వెళ్లి, రేకులకు తగిలి, పాలరాయికి తగిలి, నేను నాలుగో దెబ్బ కొడుతుండగా తిరిగొచ్చింది. అయిదో దెబ్బ నుంచి నాకు ఏది నేను కొట్టిందో ఏది గోడ కొట్టిందో తెలియలేదు. కీబోర్డు దగ్గర ప్రసాద్ గారు ఒక వేగంలో, గాయని ఒక వేగంలో, నేను ఎక్కడున్నానో నాకే తెలియని వేగంలో. ఆ పిల్ల కుడి కాలు ఎత్తి, ఎప్పుడు దించాలో తెలియక ఒంటికాలి మీద కాసేపు నిలబడింది. దించింది, తప్పని తెలిసి మళ్లీ ఎత్తింది. ఎవరో పకపకా నవ్వారు. పిల్ల మొహం ముడుచుకుపోయి, లంగా కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. ప్రసాద్ గారు మైకులో "చిన్న టెక్నికల్ ప్రాబ్లమ్" అని చెప్పి, నా దగ్గరకొచ్చి పళ్ల మధ్య నుంచి, "మేడమ్, పిల్లను బతిమాలి ఇంకోసారి తీసుకొస్తామంటున్నారు. ఈసారి కూడా తప్పితే మీరు దిగిపోండి, నేను రికార్డు పెట్టుకుంటా" అన్నారు. ఆ టెక్నికల్ ప్రాబ్లమ్ పుల్లలు పట్టుకుని స్టేజీ మీద కూర్చుని ఉంది.

మస్తాన్ గారు స్టేజీ పక్క మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. "టీచరమ్మా, లోపలికి రాంగానే తుమ్మి చూశావా?"

"లేదండీ."

"ఇది యార్డుకంటే పెద్ద షెడ్డు. దీన్లోనే బోలెడన్ని నీళ్లున్నయ్యి. నువ్వు ఇంకో బిందెడు పోశావు. ఆ మీట కట్టేసి వాయించు, మిగతాది షెడ్డే చూసుకుంటది."

"మీట కట్టేస్తే నా తప్పు అందరికీ వినబడుతుంది మస్తాన్ గారూ" అన్నాను. అంతమందిలో సిగ్గుపడే స్థితి కూడా దాటిపోయాను.

"వినబడనియ్యమ్మా. ఇన్ని నెల్ల నుంచీ నాకు వినబడతానే ఉంది. నేనేమన్నా ఇల్లు ఖాళీ చేసి పోయానా?"

నేను ఆయన మొహం చూశాను. ఆయన నవ్వడం లేదు. నాకు మాత్రం ఒక్కసారిగా నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. మీట మొత్తం వెనక్కి తిప్పేశాను. పిల్ల వచ్చింది, కాటుక చెదిరిపోయి ఉంది. మళ్లీ మొదలుపెట్టాం. దెబ్బ కొట్టాను. కటికగా, పొడిగా బయటికి వెళ్లింది. ఆ పెద్ద షెడ్డు దాన్ని అందుకుని తన వంతు కలిపి జనానికి అందించింది. నేను అన్నేళ్లు పాఠం చెప్పిన సంగతి నాకు అప్పుడు అర్థమైంది. పిల్ల కాలు దెబ్బ మీద పడింది. తర్వాతిదీ పడింది. మొదటి చరణంలో ఒకసారి నా ఎడమ చెయ్యి ఆలస్యమైంది. రెండో చరణంలో ఇంకోసారి. ఆ రెండోసారి పిల్ల తల తిప్పి నా వైపు చూసింది, గాల్లో ఉన్న పాదాన్ని రవ్వంత సేపు ఆపి, నా దెబ్బతోపాటే దించింది. తప్పు వినబడింది కాబట్టే ఆగగలిగింది. ముందు వరసలో వాళ్ల నాయనమ్మ చప్పట్లు మొదలుపెడితే హాలంతా అందుకుంది. ప్రసాద్ గారు మళ్లీ నన్ను దిగమనలేదు.

తిరుగు ప్రయాణంలో ఎండ చురచురలాడుతోంది. దారి పక్క పొలాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఒంగోలు దాటాక మస్తాన్ గారు "రెండుసార్లు" అన్నారు.

"ఏమిటండీ?"

"ఆలస్యం. రెండేసార్లు."

ఆయన నోటి నుంచి నేను విన్న మొట్టమొదటి పొగడ్త అది. ఇంటికెళ్లి అత్తయ్యకు చెబితే, "రెండుసార్లు తప్పావని చెబితే అంత మురిసిపోతావేమే?" అని నొసలు చిట్లించింది.

ఆ తర్వాత ఏళ్లలో మేం చాలా ఊళ్లు తిరిగాం. గుడ్డ పందిరి చప్పుణ్ణి మింగేస్తుందనీ, అక్కడ కాస్త తడి కలపాలనీ ఆయనతో వెళ్లే తెలుసుకున్నాను. కాలితో కొట్టే డ్రమ్ముకు ఎక్కడైనా తడి వద్దనీ, పత్తి బస్తాలు పేర్చిన గోడౌన్లో ఎంత పెట్టినా చాలదనీ కూడా. ఎక్కడికెళ్లినా ఆయన ముందు లోపలికి వెళ్లి ఉత్తుత్తినే తుమ్మేవారు. ఫంక్షన్ల వాళ్లు ఆయనకు జలుబు మాత్రలు ఇచ్చేవారు, ఆయన మర్యాదగా జేబులో వేసుకునేవారు.

తర్వాత ఆయనకు గుండె జబ్బు చేసింది. మెట్లు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. అయినా ఒక సాయంత్రం మెల్లగా, ప్రతి మెట్టు మీదా ఆగుతూ, పైకొచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. ఆ మొదటి రోజు తర్వాత, అయిదారేళ్లలో, ఎదురుగా కూర్చుని వినడం అదే. "ఆ మీట పూర్తిగా తిప్పమ్మా. చివరిదాకా" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. స్టేడియం పెట్టి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు తగిలించి, నేను మాత్రం ఉత్త రబ్బరు చప్పుడు వింటూ వాయించాను. పాట అయిపోయింది. ఆయన మూసుకున్న కళ్లు తెరవలేదు. ఏ తప్పు చెబుతారోనని పుల్లలు గాల్లో పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి "ఇంకోటి" అన్నారు. ఇంకోటి వాయించాను. మళ్లీ "ఇంకోటి" అన్నారు. ఆ రోజు ఆరు పాటలు అలా విని, నా చేతిలో హెడ్‌ఫోన్ పెట్టి, ఖాసింబీ గారు ఎదురుచూస్తారని లేచారు.

ఆ ఏడు కొత్త కాయ యార్డుకు రాకముందే ఆయన పోయారు. నేను చాలా రోజులు కిట్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఏ ఊరెళ్లినా మొదటి పాట ఆ మీట కట్టేసే వాయిస్తాను. ఆ చోటు ఏమిస్తుందో విన్నాకే, తక్కువైనంత కలుపుతాను. క్లాసులో తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే, గొంతు పెంచి దబాయించడం మానేసి, తెలియదని చెబుతున్నాను. మొదట్లో పిల్లలు హడలిపోయారు, తర్వాత అలవాటు పడ్డారు. నా ఎడమ చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడు వెనకబడుతూనే ఉంటుంది. వెనకబడినప్పుడు నాతో ఉన్నవాళ్లు అది విని, ఒక్క క్షణం ఆగి, నన్ను కలుపుకుని ముందుకు వెళుతున్నారు.